బంగాళాదుంప మీద మోపిన నేరం

ఈ వారం మీ ఉత్తరాలకు జవాబులు రాద్దామని కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఒక్క వాక్యమైనా పూర్తి కాలేదు, వీధి తలుపు చప్పుడైంది. చూద్దును గదా, మా అక్కాయ్! ఒక చేతిలో గుడ్డసంచీ, రెండో చేతిలో తడిగుడ్డ చుట్టిన వంగమొక్క. గురజాల దగ్గర వాళ్ళ పల్లె నుంచి తెల్లవారుజామున మొదటి బస్సెక్కి నరసరావుపేట వచ్చింది.

ముందు కబురు లేకుండా ఆడపడుచు వచ్చిందంటే ఇంట్లో రెండే అనుమానాలు పుడతాయి. చేతిలో శుభలేఖలైనా ఉండాలి, మనసులో అలకైనా ఉండాలి. శుభలేఖలు కనిపించలేదు.

"ముందు కాఫీ తాగండి వదినా" అంది మా ఆవిడ. అక్కాయ్ గ్లాసు అందుకుని, ఒక్క గుక్క తాగి, కింద పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇక కాఫీ చల్లారిపోయింది గాని కథ చల్లారలేదు.

సంగతేమిటంటే, ఈ ఏడు మా బావ అర ఎకరం వంగతోట వేశాడు. మొక్కలు ఏపుగా పెరిగి పూత మీదికి వచ్చాయి. ఒకనాడు మధ్యాహ్నం చూస్తే నాలుగు మొక్కలు తలలు వాల్చేశాయి. సాయంత్రానికి మళ్ళీ లేచాయి. ఎండ దెబ్బ కాబోలునని బావ అనుకున్నాడు. మర్నాడు మళ్ళీ వాలాయి. మూడోనాడు ఇక లేవలేదు. చిత్రమేమిటంటే ఆకు పండలేదు, రాలలేదు. పచ్చగా ఉన్నది ఉన్నట్టే వేలాడిపోయింది. నీరు చాలలేదేమోనని బావ మరో తడి పెట్టాడు. వారం తిరిగేసరికి నాలుగు మొక్కలు నలభై అయ్యాయి. ఎవరో కొట్టువాడు "ఏ తెగులైనా ఇట్టే ఆగిపోతుంది" అని ఒక డబ్బా అంటగట్టాడు. డబ్బా అయిపోయింది గాని తెగులు ఆగలేదు.

ఇంతవరకు పంట నష్టం. రైతు ఇంట అది కొత్త కాదు. అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది.

పోయిన కార్తీకంలో వాళ్ళింట్లో సమారాధన జరిగింది. అప్పుడు బజారునుంచి బస్తా బంగాళాదుంపలు తెచ్చారు. వాడగా మిగిలినవి అటక మీద ఉండిపోయి, కొన్ని కుళ్ళాయి. అక్కాయ్ కత్తిపీట ముందు కూర్చుని రెండు కోసి చూస్తే, లోపల తొక్క వెంబడి గాజు వేసినట్టు గోధుమరంగు వలయం. నొక్కితే ఆ వలయంలోంచి మీగడలాటి చుక్కలు వచ్చాయట. ఛీ అనుకుని మొత్తం పెంటకుప్ప మీద పారేసింది. ఆ పెంట తొలకరికి ముందు బండికెత్తి వంగతోటకే తోలారు.

ఈ దుంపల సంగతి బావకు ఎప్పుడో తెలుసు. ఇప్పుడు తోట పోయాక గుర్తుకు వచ్చింది. సెల్‌ఫోనులో ఎక్కడో చదివాడు: బంగాళాదుంపకు వలయపు కుళ్ళు తెచ్చేదీ, వంగకు వడలు తెగులు తెచ్చేదీ ఒకే క్రిమి అని. ఇంకేం! నలుగురు కూలీల ముందు, అత్తగారి ముందు, "నీ చేతులారా తోటను చంపావు" అనేశాడు.

"తోట పోతే మళ్ళీ వేసుకోవచ్చురా తమ్ముడూ. ఆ మాట ఎట్టా పోతుంది?" అంది అక్కాయ్.

నేను ప్లీడరును కాను. అయినా ముద్దాయి సొంత అక్క గనుక వకాల్తా పుచ్చుకోక తప్పలేదు. ఈ వారం శీర్షిక మొత్తం ఆ కేసే. మీరు జడ్జీలు.

మొదటి సాక్షి: గాజుగ్లాసు

ఏ కేసులోనైనా చావు ఎట్లా జరిగిందో ముందు తేలాలి. మొక్క వడలడానికి కారణాలు అనేకం. నీరు లేక వడలవచ్చు. నీరు ఎక్కువై వేరు కుళ్ళి వడలవచ్చు. శిలీంధ్రం, అంటే బూజు జాతిది, వేరులో చేరి ఎండబెట్టవచ్చు. మన పల్నాడు వైపు మిరపలోనూ పత్తిలోనూ కందిలోనూ కనిపించే ఎండు తెగులు చాలావరకు ఈ బూజుల పనే. మరొకటి బాక్టీరియా. పైకి చూస్తే అన్నీ వడలడమే. మందు అమ్మేవాడికి అన్నీ ఒకటే. మొక్కకు మాత్రం ఒకటి కాదు.

ఈ తేడా తెలుసుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. మా వంటింట్లోనే చేశాం. మా ఆవిడ పల్చటి గాజుగ్లాసు నిండా తేటనీళ్ళు తెచ్చింది. అక్కాయ్ తెచ్చిన వంగమొక్క కాడను నేలకు దగ్గరగా ఉండే చోట కోసి, రెండంగుళాల ముక్క తీసుకున్నాం. దానికి దారం కట్టి, కోసిన కొన నీళ్ళలో మునిగేటట్టు వేలాడదీశాం. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. నీళ్ళు కదలకూడదు, అదొక్కటే నియమం.

కొద్ది నిమిషాలు గడిచాయి. కాడ కొననుంచి సన్నటి తెల్లని పోగు ఒకటి, అగరొత్తి పొగ తలకిందులుగా దిగినట్టు, నీళ్ళలోకి జారింది. దాని వెనక ఇంకొకటి. చూస్తూండగానే గ్లాసు అడుగున పాలు కలిపినట్టు మసకబారింది.

"అవన్నీ ఏందిరా?" అంది అక్కాయ్.

"పురుగులే అక్కాయ్, కంటికి ఆనని పురుగులు. ఆ ఒక్క పోగులో కోట్లకొద్దీ ఉంటాయి" అన్నాను.

బూజు వల్ల చచ్చిన మొక్క అయితే ఈ పాలపోగు రాదు. కాబట్టి చంపింది బాక్టీరియా అని తేలింది. దాని పేరు రాల్‌స్టోనియా. పంటలకు పట్టే బాక్టీరియాలలో ఇంతటి దుర్మార్గులు అరుదు. 200కు పైగా మొక్కజాతుల మీద పడుతుంది. వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప, పొగాకు ఒకే కుటుంబం. ఆ కుటుంబమంటే దీనికి మరీ ఇష్టం. అల్లాన్నీ వేరుశనగనూ అరటినీ కూడా వదలదు.

ఇది చేసే పని వింటే బావ నీరు పెట్టిన కొద్దీ తెగులు ఎందుకు పెరిగిందో అర్థమవుతుంది. నేలలో ఉన్న క్రిమి వేరుకు తగిలిన చిన్న గాయంలోంచి లోపలికి పోతుంది. నాటేటప్పుడు తెగిన వేరు కావచ్చు, నులిపురుగు కొరికిన చోటు కావచ్చు. లోపలికి పోయి, వేరునుంచి ఆకుదాకా నీళ్ళు మోసే సన్నని గొట్టాల్లో కాపురం పెడుతుంది. అక్కడ లక్షలుగా కోట్లుగా పెరిగి, జిగురు కక్కుతుంది. గొట్టాలు పూడుకుపోతాయి. మొక్క కాళ్ళు నీళ్ళలో ఉంటాయి, గొంతు మాత్రం ఎండిపోతుంది. అందుకే ఆకు పచ్చగా ఉండగానే వాలిపోతుంది. మనం జాలిపడి మరో తడి పెడితే, ఆ నీరు జబ్బు మొక్క వేరునుంచి క్రిములను మోసుకుపోయి పక్క మొక్కకు అందిస్తుంది. బావ చేసింది తప్పని అనను. దాహమనుకుని నీళ్ళు పోశాడు.

ప్రాసిక్యూషన్ వాదన

బావ వాదన కూడా న్యాయంగా చెప్పుకుందాం. బంగాళాదుంపలో అక్కాయ్ చూసిన వలయమూ మీగడచుక్కలూ నిజంగా ఈ తెగులు లక్షణాలే. దుంపలోని నీటిగొట్టాలు తొక్క కింద చుట్టూ ఉంటాయి. క్రిమి వాటిలో చేరితే వలయం కడుతుంది. 1890ల తొలినాళ్ళకే పూనా ప్రాంతంలో ఈ తెగులు ప్రభుత్వ దృష్టికి వచ్చింది. 1909లో మైసూరు వ్యవసాయశాఖలో కోల్మన్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని గురించి పుస్తకమే రాశాడు, 'వలయపు తెగులు' అనే పేరుతోనే. ఈలోగా 1896లో అమెరికాలో ఎర్విన్ స్మిత్ అనే ఆయన టమాటా, వంగ, బంగాళాదుంప మూడింటినీ చంపుతున్న బాక్టీరియాను పట్టుకుని, మూడింటికీ కలిపి ఒకే పేరు పెట్టాడు.

బావకు బలం ఇక్కడే. పేరు ఒకటే, కాబట్టి దొంగ ఒకడే అన్నాడు.

నేనూ ఇక్కడే అడ్డుపడ్డాను. ఒక ఇంటిపేరు వాళ్ళందరూ ఒకే మనిషా? మన జిల్లాలో ఒక్క ఇంటిపేరుతో పదూళ్ళలో జనం ఉంటారు. కొందరికి గోత్రమే కలవదు. ఒకడు చేసిన అప్పుకు ఇంకొకడి ఇంటికి పోయి తలుపు తడితే ఊరుకుంటాడా? అంతెందుకు, నలగామరాజూ మలిదేవరాజూ ఒక తండ్రి బిడ్డలే. కారెంపూడి రణక్షేత్రంలో ఒకే పక్క నిలబడ్డారా? దాయాదుల సంగతి పల్నాటి వాళ్ళకు ఇంకొకరు చెప్పాలా!

ఈ క్రిమి సంగతీ అంతే. పేరు ఒకటైనా లోపల వంశాలు వేరని శాస్త్రజ్ఞులకు అనుమానం ముందునుంచీ ఉంది. ఒకచోట క్రిమి అరటిని పడుతుంది, వేరొకచోట క్రిమి అరటిని చూడనైనా చూడదు. ఒకటి వేడినేలల్లోనే బతుకుతుంది, మరొకటి కొండల చలికి కూడా ఓర్చుకుంటుంది. 1960లలో వీటిని పట్టే మొక్కలనుబట్టి కొన్ని తెగలుగానూ, తినే చక్కెరలనుబట్టి కొన్ని రకాలుగానూ విడదీశారు. కాని అవన్నీ మనిషిని చొక్కారంగును బట్టి గుర్తుపట్టడం లాటివి. వంశం తెలియాలంటే రక్తం చూడాలి. అంటే జన్యువులు చదవాలి.

తాళపత్రాల లెక్క

"జన్యువులు చదవడమంటే ఏంది అన్నయ్యగారూ?" అని పక్కింటి అమ్మాయి అడిగింది. అప్పటికి మా వంటింట్లో సభ పెరిగింది లెండి. గ్లాసులో పాలపోగు చూడటానికి ఇరుగుపొరుగు కూడా చేరారు.

పూర్వం గ్రంథాలు తాటాకుల మీద రాసుకునేవారు. ఒక ప్రతి చూసి ఇంకొకరు రాసుకునేవారు. రాసేవాడు ఎక్కడో ఒక అక్షరం తప్పు రాస్తాడు. అతని ప్రతి చూసి రాసుకున్నవాళ్ళందరికీ ఆ తప్పు సంక్రమిస్తుంది. మరో ఊళ్ళో మరో లేఖకుడు మరోచోట తప్పుతాడు. వందేళ్ళ తరువాత పండితుడెవరైనా అన్ని ప్రతులూ ముందేసుకుని పోల్చితే, ఏ ప్రతి ఏ ప్రతికి బిడ్డో ఇట్టే చెప్పగలడు. తప్పులే చుట్టరికానికి సాక్ష్యం.

బాక్టీరియా కూడా రెండుగా చీలిన ప్రతిసారీ తన జన్యుగ్రంథాన్ని నకలు తీసుకుంటుంది. నకలులో అప్పుడప్పుడు అక్షరం తప్పుతుంది. ఆ తప్పులు పిల్లలకు దిగుతాయి. శాస్త్రజ్ఞులు వేరువేరు దేశాల పొలాలనుంచి ఈ క్రిమిని తెచ్చి, గ్రంథంలో కొన్ని పేజీలు పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చారు. వంశవృక్షం బయటపడింది.

ఆ గ్రంథం పూర్తిగా మొదటిసారి చదివింది 2002లో, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు. దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానాలో ఒక టమాటా మొక్కనుంచి తీసిన క్రిమి అది. మొత్తం సుమారు 58 లక్షల అక్షరాలు, 5 వేలకు పైగా జన్యువులు. అదీ ఒక సంపుటం కాదు, రెండు. 37 లక్షల అక్షరాలది ఒకటి, 21 లక్షలది ఇంకొకటి. పైగా ఈ క్రిమికి ఒక దొంగవిద్య ఉంది. చుట్టుపక్కల చచ్చిన క్రిముల గ్రంథాలనుంచి చిరిగిన కాగితం దొరికితే తెచ్చి తన పుస్తకంలో కుట్టుకోగలదు. ఇక వీటిలో ఇన్ని రకాలు పుట్టాయంటే వింతేముంది?

వంశవృక్షంలో పెద్దకొమ్మలు నాలుగు. మొదటిది ఆసియాది. రెండోది అమెరికా ఖండాలది. మూడోది ఆఫ్రికాది. నాలుగోది ఇండోనేషియా దీవులది. 2005 నుంచి శాస్త్రలోకం ఈ నాలుగు కొమ్మల లెక్కను పాటిస్తోంది. 2014లో ఇంకో అడుగు ముందుకు వేసి, ఇవి ఒకే జాతి కూడా కాదు, మూడు జాతులని తేల్చి వేరువేరు పేర్లు పెట్టారు. అంటే బావ ఏ పేరు పట్టుకుని అక్కాయ్ మీద నేరం మోపాడో, ఆ పేరే ముక్కలైపోయింది.

అసలు ఆయువుపట్టు

ఇప్పుడు మన కేసుకు వద్దాం. మన దేశంలో బంగాళాదుంపను చంపే క్రిములను రాష్ట్రాల వారీగా సేకరించి చదివినప్పుడు, వాటిలో ఎక్కువ భాగం రెండోకొమ్మవి, అంటే అమెరికావి అని తేలింది. అందులోనూ ఒకే చిన్నశాఖ. ఆండీస్ కొండల్లో, బంగాళాదుంప పుట్టినింట్లోనే పుట్టి, విత్తనదుంపల్లో దాక్కుని లోకమంతా తిరిగిన శాఖ అది. కొంత చలికి తట్టుకునేది ఇదే. 1990లలో ఐరోపాను బెదరగొట్టింది ఇదే. 1995లో హాలెండులో ఇది పెచ్చుపెరిగినప్పుడు చూస్తే, కాలవగట్ల మీది కలుపుమొక్కలో కాపురముండి నీళ్ళలోకి దిగుతోంది. 2003లో కెన్యానుంచి అమెరికాకు పోయిన పూలమొక్కల కొమ్మల్లో ఇది కనిపిస్తే, అక్కడి ప్రభుత్వం తోటలకు తోటలు వెతికించింది.

మరి మన మైదానాల్లో వంగనూ టమాటానూ మిరపనూ చంపేది? అది ఎక్కువగా మొదటికొమ్మ, ఆసియాది. అది మన నేలలోనే, మన కలుపుమొక్కల వేళ్ళలోనే ఉంటూ వచ్చిన పాతకాపు.

నిజం చెప్పాలి గనుక చెబుతున్నాను: ఈ గీత బండరాతి మీద గీసింది కాదు. మన బంగాళాదుంపల్లో కూడా ఆసియాకొమ్మ క్రిమి కొంత దొరికింది. అమెరికాకొమ్మది వంగను ముట్టనే ముట్టదని కూడా కాదు. తోటలోని క్రిమినీ దుంపలోని క్రిమినీ తీసి జన్యువులు చదివితే తప్ప ఖాయంగా తీర్పు చెప్పలేం. దుంపలేమో కుళ్ళి మట్టయ్యాయి. అయితే ఒక మాట. సాక్ష్యం లేనప్పుడు, సంభావ్యత ముద్దాయి పక్కన ఉన్నప్పుడు, కోర్టు ఏం చేస్తుంది? విడిచిపెడుతుంది. నలుగురి ముందు నిందించదు.

పైగా ఆ పెంటకుప్ప మాఘంనుంచి రోహిణీకార్తె దాకా పల్నాటి ఎండలో మాగింది. ఆ వేడి క్రిమికి గిట్టదు. అది కూడా అక్కాయ్ పక్షాన రాసుకోండి.

ముసలమ్మ వాంగ్మూలం

ఆదివారం అక్కాయ్‌ని వెంటబెట్టుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. గాజుగ్లాసు కూడా సంచీలో పెట్టుకున్నాను. బావ అరుగుమీదే ఉన్నాడు. "రావోయ్" అన్నాడు గాని కళ్ళలోకి చూడలేదు. అన్న మాట ఆయనకూ గుచ్చుకుంటూనే ఉందని అర్థమైంది. నేను ఉపన్యాసం మొదలెట్టలేదు. తోటకు పోదాం పద బావా అన్నాను.

మొక్కలు పోయినచోటు చూస్తే ఒక సంగతి కనిపించింది. పెంట తోటంతా సమంగా చల్లారు. చావు మాత్రం తూర్పుమూల పల్లంలో మొదలై, నీరు పారే దారి వెంట కిందికి దిగింది. పెంటదే నేరమైతే చావు తోటంతా చెదురుమదురుగా ఉండాలి గదా?

ఇంటికి వచ్చి ఆ మాట అంటే, మంచం మీద ఒత్తిగిలి పడుకున్న బావ తల్లిగారు లేచి కూర్చున్నారు. "తూర్పుమూలా? ఆ మూల మీ నాన్న ఉన్నప్పుడే టమాటా వేస్తే నిలువునా వడిలిపోయిందిరా అబ్బాయ్. రెండేళ్ళు వేసి, అచ్చిరాదని మానేసి జొన్న చల్లాడు. నువ్వప్పుడు హాస్టల్లో ఉన్నావు. ఆ తరువాత నీకెవరు చెప్పారు, నువ్వెవరిని అడిగావు?" అన్నారు.

అరుగుమీద కాసేపు ఎవరూ మాట్లాడలేదు. బంగాళాదుంప ఆ ఇంట్లో అడుగుపెట్టక ముందునుంచే నేరస్థుడు ఆ మూలలో కాపురమున్నాడన్నమాట. ఈ క్రిమి నేలలో ఏళ్ళతరబడి బతకగలదు. ఆతిథ్యమిచ్చే పంట మళ్ళీ దొరికేదాకా కలుపువేళ్ళను పట్టుకుని కాచుకుంటుంది. తాతలనాటి వాజ్యం లాటిది అది.

బావ లేచి లోపలికి వెళ్ళాడు. ఏమన్నాడో నాకు వినిపించలేదు. కాసేపటికి అక్కాయ్ పళ్ళెంలో అన్నం పెట్టుకొచ్చింది. కూర ఏమిటనుకున్నారు? బంగాళాదుంప వేపుడు! బావ మారుమాట లేకుండా రెండుసార్లు వడ్డించుకున్నాడు.

ఇక మనం చేయగలిగినది

భోజనమయ్యాక బావ అడిగిన మొదటి ప్రశ్న, "మందేమిటోయ్?" అని. మొక్కలో చేరిన తరువాత దీన్ని దింపే మందు లేదు. ఉందని ఎవరైనా డబ్బా చూపిస్తే, గాజుగ్లాసు పరీక్ష చేసి చూపించి, పలానా క్రిమి మీద పనిచేస్తుందని రాసి ఇవ్వమనండి.

చేయగలిగినవి వేరే ఉన్నాయి. వడలిన మొక్కను వేరుతో సహా, చుట్టూ ఉన్న మట్టితో సహా తీసి తగలబెట్టాలి. ఆ పల్లంనుంచి నీరు మిగతా చెక్కల్లోకి పారకుండా కట్ట వేయాలి. అక్కడ వాడిన పార కడగకుండా వేరే చోట పెట్టకూడదు. ఆ మూలలో కొన్నేళ్ళు వంగ, టమాటా, మిరప, బంగాళాదుంప వేయకుండా జొన్న గాని మొక్కజొన్న గాని, నీరుంటే వరి గాని వేయాలి. బావ నాన్నగారు సూక్ష్మదర్శిని చూడకుండానే చేసిన పని ఇదే. వేసవిలో లోతుగా దున్ని రోహిణి ఎండకు మట్టి తిరగేయాలి. మాచర్ల ఎండను తిట్టుకునేవాళ్ళకు అది చేసే ఉపకారం ఇదొకటి.

విత్తనం సంగతి కూడా అడిగాడు. తట్టుకునే వంగడాలు ఉన్నాయి. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారివి సూర్య, శ్వేత, హరిత. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వారివి అర్క నిధి, అర్క కేశవ్, అర్క నీలకంఠ్. కాని ఇక్కడే వంశాల మాట మళ్ళీ వస్తుంది. ఒకచోటి క్రిమిని తట్టుకున్న మొక్క ఇంకొకచోటి క్రిమి ముందు పడిపోవచ్చు. అందుకని కొత్త విత్తనాన్ని మొదట ఒక మడిలో వేసి చూసి, తరువాత పొలమంతా వేయాలి. ఉస్తిచెట్టు మొదలు మీద వంగను అంటుకట్టే పద్ధతి కూడా ఉంది. వేరు ఉస్తిది, కాయ వంగది. మొండివేరు కనుక తట్టుకుంటుంది. సలహా కావాలంటే గుంటూరు దగ్గర లాం ఫారం ఉండనే ఉంది. వెళ్ళేటప్పుడు చచ్చిన మొక్క కాదు, అప్పుడే వడలుతున్న మొక్కను వేరుతో తీసుకువెళ్ళండి.

మనలాటి బస్తీ గృహస్థులకు కూడా ఇందులో పని ఉంది. అటక మీద మొలకెత్తిన బంగాళాదుంపను పెరట్లో పాతిపెట్టడం చాలామందికి సరదా. దయచేసి మానండి. కూరకు తెచ్చిన దుంప కూరకే. పైకి నున్నగా ఉన్న దుంపలో కూడా క్రిమి నిద్రపోతూ ఉండవచ్చు. 1949లో పాట్నాలో మొదలై 1956లో సిమ్లాకు మారిన కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఆరోగ్యమైన విత్తనదుంప కోసం ఇన్నేళ్ళు కష్టపడుతున్నది ఊరికే కాదు. దుంపను దుంపతోనే నాటుతాం గనుక, తల్లి జబ్బు బిడ్డకు తప్పదు. పంట అంతా ఒకే అచ్చులో పోసినట్టు ఉంటుంది, దాన్ని పట్టే శత్రువు మాత్రం రకరకాల వేషాలు వేస్తుంది. 1845లో ఐర్లండులో పొలాలనిండా ఉన్నది దాదాపు ఒకే రకం బంగాళాదుంప. అక్కడికి వచ్చినది వేరే తెగులు, బూజుజాతిది. అయితేనేం, తట్టుకుని నిలబడే మరో రకం పొలంలో లేకపోయింది. కరువులో సుమారు పదిలక్షలమంది పోయారు.

వలయం కనిపించిన దుంప మనుషులకు విషమేమోనని మా ఆవిడ భయపడింది. ఈ క్రిమి మనిషికి హాని చేయదు. కుళ్ళిన దుంప తినకూడదు, అంతే. దాన్ని పెంటకుప్పకు గాని పెరటికి గాని చేర్చకుండా పొయ్యిలో వేయండి. అక్కాయ్ నిర్దోషి అని తేలినా, ఈ జాగ్రత్త మాత్రం ఆవిడే అందరికీ చెప్పమంది.

సాగర్ కుడికాలవకు 1967లో నీళ్ళు వదిలాక మన మెట్టపొలాల్లో కూరగాయలూ మిరపా పచ్చబడ్డాయి. నీళ్ళతోపాటు ఇట్లాటి చిక్కులూ వస్తాయి. వాటికి బెదరనక్కరలేదు. దొంగను పట్టాలంటే మాత్రం పేరొక్కటే తెలిస్తే చాలదు, ఊరూ వంశమూ తెలియాలి. అవి తెలిసేలోగా ఇంట్లోవాళ్ళ మీద నేరం మోపకుండా ఉంటే సగం కాపురాలు నిలబడతాయి.

అన్నట్టు, గ్లాసు వాళ్ళింట్లోనే మరిచి వచ్చాను. బావ కబురు పెట్టాడు: ఊళ్ళో నలుగురు రైతులు వడలిన మొక్కలు పట్టుకుని వచ్చి వరసలో నిలబడ్డారట. ఇద్దరి మొక్కల్లో పాలపోగు వచ్చిందట, ఇద్దరివాటిలో రాలేదట. రాని ఇద్దరినీ బావే లాం పంపించాడు. గ్లాసు ఇప్పట్లో తిరిగి వచ్చేట్టు లేదు. మా ఆవిడ ఆరింటి సెట్టులో ఒకటి తగ్గిందని సణుగుతోంది గాని, వదిన నవ్వుతూ ఫోను చేసినందుకు లోపల సంతోషంగానే ఉంది.

మీ ఉత్తరాలకు జవాబులు వచ్చేవారం తప్పకుండా.